తొంభైతొమ్మిదో ఠాణా చార్జి అప్పగింత: ఆఖరి పది ఎపిసోడ్లు ఎట్ల చూడాలె

బ్రుక్లిన్ నైన్-నైన్ అనే అమెరికా పోలీసు కామెడీ ఆఖరి సీజన్, అదే సీజన్ 8, సప్పగుందని అనేటోళ్ళు చానామంది దొరుకుతరు. వాళ్ళను ఒక్క ముచ్చట అడగాలె: దానికి ముందు ఏం చూసిన్రు? ఎక్కువమంది జవాబు ఒకటే ఉంటది. రెండు మూడేండ్ల కింద ఏడు సీజన్లు చూసి ఆపిన్రు, ఒక ఆదివారం యాదికొచ్చి మిగిలిన పదీ ఒక్క కూర్చోవుడులో గుంజేసిన్రు. అట్ల చూస్తే సప్పగనే ఉంటది. ఆ పది ఎపిసోడ్లు కొత్త కథ చెప్పేటందుకు రాసినవి కావు. బదిలీ అయిన ఎస్సై పోయేముందు రిజిస్టర్లు, తుపాకులు, కేసు ప్రాపర్టీ ఒక్కొక్కటి లెక్కచూపి, వచ్చినాయనతో సంతకం పెట్టించుకుంటడు గదా, అట్ల ఎనిమిదేండ్ల సామాను లెక్కచూపే సీజన్ అది. సామాను ఏందో మర్చిపోయినోనికి ఆ సంతకాల్లో ఏం కనిపిస్తది?

బ్రుక్లిన్ నైన్-నైన్ అంటే ఏందో చెప్పాలె. డ్యాన్ గూర్, మైకేల్ షూర్ కలిసి తయారుచేసిన పోలీసు సిట్‌కామ్, అంటే చిన్న చిన్న ఎపిసోడ్ల కామెడీ సీరియల్. 2013 సెప్టెంబర్ 17న ఫాక్స్ ఛానల్‌లో మొదలైంది, 2021 సెప్టెంబర్ 16న ఎన్‌బీసీలో ముగిసింది. ఎనిమిది సీజన్లు, 153 ఎపిసోడ్లు. ఒక్కోటి 21, 22 నిమిషాలు, మొత్తం కలిపి సుమారు 55 గంటలు. మొదటి అయిదు సీజన్లలో 22, 23 చొప్పున వచ్చిన ఎపిసోడ్లు ఆరోదాంట్లో 18కి, ఏడోదాంట్లో 13కి, ఆఖరిదాంట్లో 10కి దిగినయి, ఎండాకాలం డిండి ప్రాజెక్టుల నీళ్ళు దిగినట్టు. ఠాణా మీద కామెడీ తీసుడు అమెరికాలో కొత్త కాదు. బార్నీ మిల్లర్ అనే సిట్‌కామ్ 1975 నుంచి 1982 దాంక నడిచింది. అయితే దాంట్లో వెనుక నుంచి నవ్వులు వినిపిస్తయి, దీంట్లో వినిపించయి. ఎక్కడ నవ్వాలెనో మీరే పట్టుకోవాలె. తిప్పలంతా అక్కడే మొదలైతది.

ముందు హోదాల సంగతి. మన దగ్గర భుజం మీద నక్షత్రాలు లెక్కబెడితే చాలు: రెండుంటే ఎస్సై, మూడుంటే ఇన్‌స్పెక్టర్. పాలమూరు పల్లెల్లో పాతకాలపోళ్ళు ఇప్పటికీ ఎస్సైని అమీన్ సాబ్ అంటరు, అది నిజాం జమానా మాట. న్యూయార్క్‌లో లెక్క వేరు. సార్జెంటుకు చేతిమీద మూడు పట్టీలు, లెఫ్టినెంటుకు ఒక బంగారు కడ్డీ, కెప్టెనుకు రెండు. కెప్టెన్ అంటే ఆ ఠాణాకు పెద్ద, మన టౌన్ ఇన్‌స్పెక్టర్ లెక్క అనుకుంటే సరిపోతది. డిటెక్టివు యూనిఫాం వేసుకోడు, నడుముకు బిళ్ళ పెట్టుకుంటడు, దర్యాప్తే ఆయన పని. జేక్ పెరాల్టా, రోసా డియాజ్, చార్లెస్ బాయిల్ డిటెక్టివులు. ఎమీ శాంటియాగో కూడా డిటెక్టివుగనే మొదలై, పరీక్ష పాసై సార్జెంట్ అయితది. అందుకే ఆ తర్వాత యూనిఫాంలో కనిపిస్తది, అది కాస్ట్యూమ్ వాళ్ళు సరదాకు వేసింది కాదు. రేమండ్ హోల్ట్ కెప్టెన్. ఏడో సీజన్ మొదట్లో ఆయన కాలర్ మీద కడ్డీలు లేకుంట వీధిలో గస్తీ తిరుగుతుంటడు. ఆ కడ్డీలు ఎందుకు పోయినయో తెలిస్తేనే, ఆఖరి సీజన్‌లో ఆయనకు ఏం దక్కుతదో దాని బరువు తెలుస్తది. హిచ్‌కాక్, స్కల్లీ కూడా కాగితం మీద డిటెక్టివులే. మన దగ్గర ఎస్సై కావాలంటే మొగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలె, ఈ ఇద్దరు లిఫ్టు దాంక నడిచినా ఆయాసమే.

ఇంకొకటి: న్యూయార్క్‌లో తొంభైతొమ్మిదో నంబరు ఠాణా అసలు లేదు. బయట నుంచి చూపెట్టే బిల్డింగు బ్రుక్లిన్‌లో నిజంగ ఉన్న 78వ ఠాణాది. లోపలి హాలు, లాకప్, కెప్టెన్ గది అన్నీ లాస్ ఏంజెల్స్‌లో వేసిన సెట్టు.

ఈ సిట్‌కామ్ ఒకసారి చచ్చి బతికింది. 2018 మే 10న ఫాక్స్ దీన్ని ఆపేసింది. తెల్లారి ఎన్‌బీసీ తీసుకుంది, ఆరో సీజన్ 2019 జనవరి 10న మొదలైంది. ఈ రెండు తేదీలు ఎందుకు చెప్తున్నమంటే, అయిదో సీజన్ ఆఖరి ఎపిసోడ్ "జేక్ అండ్ ఎమీ" ఎక్కడ ఆగుతదో చూడండి. పెండ్లి అయింది, హోల్ట్ కమిషనర్ అయిండా లేదా అన్న మెయిలు తెరిచిండు, అంతే. కథ అక్కడ ఆగిపోయినా కుదిరేది, నడిచినా కుదిరేది. చివరి సీజన్ చూసేముందు దీన్ని తప్పకుండ ఒకసారి చూడాలె. ఒకటి ఆగిపోతుందేమో అన్న అనుమానంతో ముగించింది, ఇంకొకటి ఇదే ఆఖరు అని తెలిసి ముగించింది. రెండు ముగింపుల నడుమ తేడా పక్కపక్కన పెడితేనే కనిపిస్తది. నిజం చెప్పాలంటే మొదటి ముగింపే నయం అనేటోళ్ళు ఉన్నరు, వాళ్ళ మాటలో తప్పు లేదు.

ఇగ తయారీ. 143 ఎపిసోడ్లు మళ్ళ చూసుడు ఎవనికి సాధ్యం? అవసరం కూడా లేదు. మూడు తొవ్వలు పట్టుకుంటే చాలు.

మొదటిది హాలోవీన్ దొంగతనాలు. ఇదే అన్నిటికన్న ముఖ్యం, ఎందుకంటే ఆఖరి ఎపిసోడ్ మొత్తం ఒక దొంగతనమే. హాలోవీన్ అంటే అక్టోబర్ 31 రాత్రి దయ్యాల వేషాలు వేసుకునే పండుగ. ఆ దినం జేక్ కెప్టెనుతో పందెం కడతడు, అర్ధరాత్రి లోపల మీ శౌర్య పతకం కొట్టేస్త అని. సీజన్ 1 ఎపిసోడ్ 6 అది. రెండో సీజన్ ఎపిసోడ్ 4లో కెప్టెన్ చేతి గడియారం. మూడో సీజన్ ఎపిసోడ్ 5లో కిరీటం. నాలుగో సీజన్ ఎపిసోడ్ 5లో ఫలకం. అయిదో సీజన్ ఎపిసోడ్ 4లో నడుము పట్టీ, దాని వెనుక జరిగింది చూడనోళ్ళకు చెప్పొద్దు. తర్వాత గమ్మతి ఉంటది: ఆరో సీజన్ ఎపిసోడ్ 16 పేరు "సింకో డె మాయో", ఏడో సీజన్ ఎపిసోడ్ 11 పేరు "వాలోవీస్టర్". హాలోవీన్ దొంగతనం మే నెలకు, ఈస్టరుకు ఎందుకు జరిగిందని చానామంది తికమక పడతరు. కారణం కథలో కాదు, ఛానల్ క్యాలెండర్‌లో ఉంది. ఎన్‌బీసీకి మారినంక కొత్త సీజన్లు సెప్టెంబరులో కాకుంట జనవరి, ఫిబ్రవరిలో మొదలైనయి, అక్టోబరులో చూపియ్యడానికి ఎపిసోడే లేదు. రాసేటోళ్ళు దాన్ని దాచకుంట కథలోకే లాక్కొచ్చిన్రు.

ఈ ఏడు ఎపిసోడ్లు కలిపి రెండున్నర గంటలు. చూసేటప్పుడు ఒక కాగితం మీద ప్రతిసారి ఎవరు గెలిచిన్రో రాసుకోండి. మొదట జేక్, తర్వాత హోల్ట్, మూడోసారి ఎమీ, నాలుగోసారి ఠాణాలో పోలీసు కాకుంట ఆఫీసు పని చూసే జీనా. అయిదోసారిది మీరే చూసుకోండి. ఆరో సీజన్‌లో ఠాణా సార్జెంట్ టెర్రీ, ఏడోదాంట్లో రోసా. ఇప్పటిదాంక గెలవనోళ్ళు ఎవరెవరు మిగిలిన్రో ఆ కాగితమే చెప్తది. ఆఖరి ఎపిసోడ్‌లో మోసం మీద మోసం ఎంత వేగంగ పడుతదంటే, ఈ కాగితం లేకుంటే సగం దెబ్బలు తాకవు. పాత దొంగతనాల్లో వాడిన ఎత్తులు మళ్ళ వస్తయి, జర తిరగేసి వస్తయి.

రెండో తొవ్వ డగ్ జూడీ. కార్లు దొంగిలించేటోడు, జేక్‌కు జానీ దోస్తు, జానీ దుష్మన్ కూడా. సీజన్‌కు ఒక్కసారే వస్తడు, ఎనిమిది సీజన్లలో ఒక్కటి కూడా తప్పలేదు. 1వ సీజన్ ఎపిసోడ్ 12, 2వ సీజన్ 10, 3వ సీజన్ 13, 4వ సీజన్ 12, 5వ సీజన్ 13, 6వ సీజన్ 5, 7వ సీజన్ 8. నాలుగో సీజన్‌తో జాగ్రత్త: "ది ఫ్యూజిటివ్" రెండు భాగాలు, జూడీ వచ్చేది రెండో భాగంలో. నేరుగ 12 పెడితే ఖైదీలు ఎట్ల పారిపోయిన్రో తెల్వక ఆగమాగం అయితరు, 11 నుంచే మొదలుపెట్టాలె. ఇవన్నీ చూసినంక ఆఖరి సీజన్ అయిదో ఎపిసోడ్ "పీబీ అండ్ జే" చూడండి. మొత్తం పదింట్లో పాత నైన్-నైన్ లెక్క నవ్వించేది అదే.

మూడో తొవ్వ ఇంటి ముచ్చట్లు, దీన్ని జల్దీ దాటొచ్చు. హోల్ట్, ఆయన భర్త కెవిన్ కోసం సీజన్ 1 "ది పార్టీ", సీజన్ 5 "సేఫ్ హౌస్". జేక్, ఎమీ పిల్లల గురించి కొట్లాడుకునే సీజన్ 6 "కేసుకేషన్", సీజన్ 7 "ట్రయింగ్", ఆ సీజన్ ఆఖరిది "లైట్స్ ఔట్". జీనా ఠాణా విడిచిపెట్టే సీజన్ 6 ఎపిసోడ్ 4 "ఫోర్ మూవ్‌మెంట్స్". జేక్, ఎమీ కొడుకు పేరు మాక్ ఎందుకైందో తెలియాలంటే మాత్రం సిట్‌కామ్ చాలదు. జేక్‌కు ప్రాణమైన 1988 నాటి డై హార్డ్ సినిమాలో హీరో ఇంటిపేరు మెక్లేన్, అది గుర్తుంటే సరి.

ఆఖరి సీజన్ రంగు ఎందుకు మారిందో ఇప్పుడు చెప్పాలె. ఏడో సీజన్ 2020 ఏప్రిల్ 23న అయిపోయింది. నెల తిరిగిందో లేదో, మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు మెడమీద మోకాలు పెట్టి జార్జ్ ఫ్లాయిడ్‌ను చంపిండు. దేశమంతా జనం రోడ్డెక్కిన్రు. పోలీసులను ముద్దుగ చూపెట్టే కామెడీ ఎట్ల నడుస్తది? అప్పటికే రాసిపెట్టిన నాలుగు స్క్రిప్టులు చెత్తబుట్టలో వేసి మొదటి నుంచి మళ్ళ రాసిన్రు. నటులు, షో నడిపే డ్యాన్ గూర్ కలిసి జైళ్ళల్లో ఉన్నోళ్ళ జామీనుకు సాయం చేసే సంస్థకు లక్ష డాలర్లు ఇచ్చిన్రు. అందుకే సీజన్ 8 మొదటి ఎపిసోడ్‌లోనే రోసా నౌకరి ఇడిచిపెట్టి కనిపిస్తది. ఇది అకస్మాత్తుగ పడ్డ మచ్చ కాదు. నాలుగో సీజన్ ఎపిసోడ్ 16 "మూ మూ"లో టెర్రీ తన బిడ్డ దుప్పటి వెతుక్కుంట తన గల్లీలోనే నడుస్తుంటే ఒక పోలీసు ఆపుతడు, నల్లోడు అన్న ఒక్క కారణానికి. సీజన్ 8 కంటే ముందు రాత్రి ఇది చూస్తే, రోసా నిర్ణయం ఎక్కడి నుంచి వచ్చిందో సాఫ్‌గ తెలుస్తది. చూడకుంటే ఉపన్యాసం ఇచ్చినట్టు అనిపిస్తది.

ఇగ రెండు విషయాలు మన దగ్గరి చట్టం తెలిసినోళ్ళకే అడ్డం పడేవి. ఎస్సై పరీక్షకు చదివే పోరగాళ్ళకు ఇంకా ఎక్కువ.

ఒకటి, అయిదో సీజన్ ఎపిసోడ్ 14 "ది బాక్స్". ఇరవై రెండు నిమిషాలు దాదాపు ఒకే గది, ముగ్గురే మనుషులు: జేక్, హోల్ట్, హత్య చేసిండని అనుమానం ఉన్న ఒక పండ్ల డాక్టరు. ఆ వేషం స్టెర్లింగ్ కె. బ్రౌన్ వేసిండు. రాత్రంతా ఒకటే కొట్లాట, ఆయన నోట "నేనే చేసిన" అనిపియ్యాలె. మనం చూస్తే ఒక ప్రశ్న వస్తది: అనిపిస్తే ఏమైతది? మన దగ్గర పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అదే చెప్తది. ఆ మాట వల్ల కత్తో, సొమ్మో దొరికితే దొరికినదానికి సంబంధించినంతే పనికొస్తది. ఒప్పుకోలు చెల్లాలంటే మేజిస్ట్రేటు ముందు రాయించాలె. అమెరికాలో అట్ల కాదు. 1966లో మిరాండా కేసు తీర్పు వచ్చినప్పటి నుంచి, నువ్వు నోరు మూసుకొని ఉండొచ్చు, వకీలును పిలుచుకోవచ్చు అని ముందే చెప్పాలె. చెప్పినంక వాడు బెదిరింపు లేకుంట ఒప్పుకుంటే ఆ మాట జ్యూరీ ముందుకు పోతది. అందుకే ఆ గదిలో వకీలు రాకముందు ప్రతి నిమిషానికి విలువ. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ ఎపిసోడ్ రెండింతలు బిగుసుకుంటది. ఇంకో పొర కూడా ఉంది. హోల్ట్ వేషం వేసిన ఆండ్రె బ్రావర్ 1990లలో హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్ అనే సీరియస్ పోలీసు సీరియల్‌లో నేరం ఒప్పించుడులో మొనగాడైన డిటెక్టివు వేషం వేసి, 1998లో టీవీ వాళ్ళకిచ్చే ఎమ్మీ అవార్డు గెలిచిన్రు. ఆ మనిషిని తెచ్చి మళ్ళ అదే గదిలో కూర్చోబెట్టిన్రన్నమాట.

రెండోది, సీజన్ 8 మూడో ఎపిసోడ్ "బ్లూ ఫ్లూ". ఠాణాలోని యూనిఫాం పోలీసులంతా ఒకేసారి జ్వరం అని సెలవు పెడతరు. దవాఖాన కథ అనుకోవద్దు, అది సమ్మె. అక్కడ పోలీసులకు గట్టి యూనియన్లు ఉన్నయి, కానీ నేరుగ సమ్మె చెయ్యరాదు, అందుకే బీమారి సాకు. నీలం యూనిఫాం కాబట్టి నీలం జ్వరం. మన దగ్గర 1966 నాటి చట్టం ప్రకారం సర్కారు అనుమతి లేకుంట పోలీసులు యూనియన్‌లో చేరరాదు. కాబట్టి యూనియన్ లీడరు ఓసల్లివాన్ కెప్టెనునే బెదిరించుడు మనకు అతిగ కనిపిస్తది. ఓసల్లివాన్ ఆ సీజన్‌కు అసలు విలన్. జాన్ సి. మెగ్గిన్లీ ఆ వేషంలో అరుస్తుంటే వాల్యూం జర తగ్గించుకోవాల్సి వస్తది.

ఇప్పుడు రోజుల లెక్క. అమెరికాలో ఈ పది ఎపిసోడ్లు గురువారం రాత్రి 8 గంటలకు, రెండు రెండు చొప్పున వచ్చినయి. మన లెక్కలో శుక్రవారం తెల్లారగట్ల అయిదున్నర. ఆగస్టు 12, 19, 26, సెప్టెంబర్ 2. తర్వాత ఒక వారం ఖాళీ. సెప్టెంబర్ 16న ఆఖరి రెండు. చూసేటోళ్ళు కూడా ఇదే జోడీ పాటించాలె, ఎందుకంటే జోడీల్లో ఒకటి బరువుగ, ఇంకొకటి తేలికగ రాసిన్రు. మొదటి రాత్రి "ది గుడ్ వన్స్" మింగుడు పడదు, ఎంబడే "ది లేక్ హౌస్" పెడితే గొంతు తడుస్తది. రెండో రాత్రి "బ్లూ ఫ్లూ", "బ్యాలెన్సింగ్". మూడో రాత్రి జూడీ ఎపిసోడ్ ముందు, "ది సెటప్" తర్వాత. ఈ రెండో దాంట్లో జేక్ తప్పు మనిషిని అరెస్టు చేసి అయిదు నెలలు సస్పెండ్ అయితడు. సీజన్ మొత్తంలో బరువైన ఎపిసోడ్ అది, దాన్ని దాటేసి ముందుకు పోతే జేక్ ఆఖరుకు తీసుకునే నిర్ణయం గాలిలోంచి ఊడిపడ్డట్టు ఉంటది. నాలుగో రాత్రి "గేమ్ ఆఫ్ బాయిల్స్", "రెన్యూవల్".

అయిదో రాత్రి ఏం చూడొద్దు. ఛానల్ వారం ఇచ్చింది, మీరు ఒక్క రోజన్న ఇయ్యండి. ఆ రాత్రి కావాలంటే మొదటి హాలోవీన్ ఒక్కటి మళ్ళ పెట్టుకోండి. ఆరో రాత్రి "ది లాస్ట్ డే" రెండు భాగాలు కలిపి, సుమారు 44 నిమిషాలు. నడుమ ఆపితే ఎవరి చేతిలో ఏముందో మర్చిపోతరు. మన దగ్గర ఆఫీసరు బదిలీ అయితే శాలువా, జ్ఞాపిక, పూలు, ఫొటో. జీపుకు తాడు కట్టి సిబ్బంది గుంజుడు కూడా ఉంటది. నైన్-నైన్‌లో శాలువా లేదు. ఒకరినొకరు మోసం చేసుకునుడే సన్మానం.

చూసేటప్పుడు చెడిపోయేవి ఎక్కడెక్కడంటే, అన్నిటికన్న ముందు స్పీడు. 1.25 పెట్టి చూసే అలవాటు ఉన్నోళ్ళు ఈ సిట్‌కామ్‌కు దాన్ని తీసెయ్యాలె. హోల్ట్ మాటలో కామెడీ మాటలో లేదు, మాట ముందు ఆగే అర సెకనులో ఉంది. ఆయన ముఖం కదలదు, గొంతు ఎత్తడు, అగ్గి అంటుకున్నా, పెండ్లి అయినా అదే గొంతు. స్పీడు పెంచితే ఆ ఆగుడు మాయమైతది, మిగిలేది మామూలు సర్కారు సారు.

తర్వాత సబ్‌టైటిల్స్. ఇంగ్లిషు బాగనే వచ్చినా ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. జేక్, జీనా మాట్లాడేటప్పుడు ఒకరి మాట మీద ఇంకొకరు ఎక్కుతరు, కూలర్ గాలిలో సగం పోతది. కాకపోతే అక్షరాలు మాట కంటే ముందు పడి జోకు ముందే చెప్పేస్తయి. అందుకని అక్షరాల సైజు చిన్నగ పెట్టి, కన్ను ముఖాల మీద ఉంచి, అర్థం కానప్పుడే కిందికి దించాలె. ఎపిసోడ్ మొదట టైటిల్ కంటే ముందు వచ్చే చిన్న ముక్కను దాటెయ్యొద్దు. దానికి ఆ రోజు కథతో సంబంధం ఉండదు, అయినా మొత్తం సిట్‌కామ్‌లో జనం యాదిలో నిలిచిన సీన్లు ఎక్కువ అక్కడివే. అయిదో సీజన్ ఎపిసోడ్ 17లో అనుమానితులను వరుసగ నిలబెట్టి పాట పాడించేది ఒక్కటి చాలు.

ఇంట్లో పెద్దోళ్ళతో కూర్చొని చూడొచ్చా అంటే, బూతులు లేవు, ఛానల్‌లో వచ్చిన షో కాబట్టి. కానీ జేక్ నోట పదే పదే వచ్చే ఒక డబుల్ మీనింగ్ జోకు ఉంది, ఎవరు ఏ మాట అన్నా అది ఒక సినిమా టైటిల్ అంటడు, ఏ రకం సినిమానో చెప్పాల్సిన పని లేదు. అమ్మకు ఇంగ్లిషు వస్తే ముందుగనే లెక్క వేసుకోండి.

యూట్యూబ్‌లో క్లిప్పుల సంగతి. హాలోవీన్ ఎపిసోడ్ల ముక్కలు పెట్టేటోళ్ళు బొమ్మ మీదనే గెలిచినోని ముఖం వేస్తరు. ఈ వారం రోజులు ఆ పేరుతో ఏది వెతికినా ఫోను మీకు అదే చూపిస్తది. వెతకొద్దు, అంతే.

డేటా లెక్క కూడా వేసుకోవాలె. పది ఎపిసోడ్లు అంటే మూడు గంటల నలభై నిమిషాలు. ఫోన్‌లో నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్ హై క్వాలిటీలో గంటకు 3 జీబీ దాంక తింటది, అంటే సుమారు 11 జీబీ. మీడియంలో గంటకు 0.7 జీబీ, మొత్తం రెండున్నర జీబీ చిల్లర. రోజుకు 1.5 జీబీ ప్యాకు ఉన్నోళ్ళు హై పెడితే రెండో ఎపిసోడ్ నడుమలోనే చక్రం తిరుగుతది. మీడియం పెట్టుకుంటే రాత్రికి రెండు హాయిగ అయితయి. ఈ సిట్‌కామ్‌లో పెద్ద పెద్ద దృశ్యాలు ఏమీ లేవు, మనిషి ముఖం కనిపిస్తే చాలు. కరెంటు మీద నమ్మకం లేని ఊర్లైతే ఆఖరి రెండు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ప్యాకు కట్టేముందు ఆ యాప్‌లో ఎనిమిదో సీజన్ ఉందా లేదా అని చూడాలె. ఏడు ఉండి ఎనిమిది లేకుంటే ఈ తయారీ అంతా నీళ్ళపాలు.

ఆండ్రె బ్రావర్ 2023 డిసెంబర్ 11న కన్నుమూసిన్రు, 61 ఏండ్ల వయసు. కాబట్టి ఇప్పుడు చూసేటోళ్ళకు ఆఖరి ఎపిసోడ్‌లో హోల్ట్, జేక్ ఎదురెదురు నిలబడి మాట్లాడే సీను 2021లో చూసినోళ్ళకు ఉన్నట్టు ఉండదు. దానికి తయారీ ఏమీ లేదు.

ఇంకొక్కటి. సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేసి పెట్టుకోండి. లేకుంటే ఎపిసోడ్ అయిపోగనే యాప్ ఇంకేదో షో తెచ్చి మీద పడేస్తది. ఆపితే పేర్లన్నీ పోయినంక, డాక్టర్ గూర్ ప్రొడక్షన్స్ అనే బొమ్మ వస్తది. 153 ఎపిసోడ్ల చివర ఉండేదే, చానామంది ఒక్కసారి కూడా వినలేదు. దాంట్లో ఒక గొంతు వినిపిస్తది: "నాట్ ఎ డాక్టర్. ష్…"